వింటున్నానని నొక్కిన వేళ్ళు

ఆ ఇంట్లో వారం రోజులుగా ఫోను వంటగట్టు మీద ఉప్పు డబ్బాకు ఆనుకుని మాట్లాడుతూనే ఉంది. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో కొత్త ఇస్త్రీ యంత్రం దించారు. దాని మీద పనిచేసే ఆడవాళ్ళందరికీ ఇంటి నుంచే ఆన్‌లైన్ శిక్షణ అన్నారు. మంచిదే. తీరిక ఉందా అని మాత్రం ఎవరూ అడగలేదు. లాండ్రీలో అందరూ పెద్దక్క అని పిలిచే ఆ ఇల్లాలు డ్యూటీ దిగి వచ్చి, ఒక పక్క కూర తిప్పుతూ ఇంకో పక్క శిక్షణ పొందుతోంది.

కాసేపటికోసారి తెర మీద పచ్చ బొత్తాం వెలిగేది. ‘వింటున్నాను’ అని దాని మీద రాసి ఉంటుంది. నొక్కితే హాజరు పడుతుంది, నొక్కకపోతే ఆ రోజు గైర్హాజరే.

"మామయ్యా, నొక్కండి! నా చేతుల నిండా పిండి!" అని సైగ చేసేది పెద్దక్క. మామగారికి బ్రహ్మచెముడు. ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువసార్లు ‘వింటున్నాను’ అని నొక్కింది ఆయనే.

"సర్టిఫికెట్టు నాన్న పేరు మీద ఇవ్వమనాలి," అని భర్త ఆటపట్టించాడు. అందరూ నవ్వారు.

అవతల పాఠం చెప్పే మేడమ్ తెర మీద కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్ళ వైపు చూస్తూ "అర్థమైందా?" అనేది. జవాబు కోసం ఆగకుండానే "సరే, తర్వాత..." అని సాగిపోయేది. చివరికి అందరికీ హాజరు నూటికి నూరు వచ్చింది.

నెల తిరక్కుండానే, పక్కన పనిచేసే కొత్తమ్మాయి ముడుచుకున్న తడి దుప్పటి అంచు సరిచేయబోయింది. దుప్పటితో పాటు చెయ్యి కూడా యంత్రం రోలర్ల మధ్యకు పోయింది.

"పెద్దక్కా! ఆపు అక్కా! ఆపు!"

పెద్దక్క యంత్రానికి అటూ ఇటూ చూసింది. ఎక్కడ ఆపాలి? హాలు చివర గోడకున్న మెయిన్ స్విచ్ దగ్గరకు పడుతూ లేస్తూ పరుగెత్తింది. ఆ అరుపులు ఆమె వెంటే వచ్చాయి. స్విచ్ కట్టేసి తిరిగొచ్చేసరికి చెయ్యి చెయ్యిగా లేదు.

మెకానిక్కు వచ్చి యంత్రం కింద అడ్డంగా ఉన్న ఎర్ర కడ్డీ చూపించాడు. "ఇది కాలితో తంతే చాలు కదమ్మా, అక్కడికక్కడే ఆగిపోయేది. శిక్షణలో చెప్పలేదా?" అన్నాడు. అన్నాళ్ళూ ఆ కడ్డీ కాళ్ళకు దెబ్బ తగలకుండా పెట్టారనుకుంది పెద్దక్క.

కొత్తమ్మాయికి మణికట్టు దాకా తీసేశారు. "అందరికీ శిక్షణ ఇచ్చాం, మేమేం చేస్తాం?" అన్నాడు మేనేజరు. పైగా మళ్ళీ శిక్షణ పెట్టించాడు. ఈసారి పచ్చ బొత్తాం ఇంకా తొందర తొందరగా వెలుగుతుందట.

పెద్దక్క గది తలుపు వేసుకుని కూర్చుంది. మేడమ్ అదే గొంతుతో మొదలుపెట్టింది. "ఎర్ర కడ్డీని కాలితో తన్నాలి. అర్థమైందా? సరే, తర్వాత..."

పెద్దక్క మొదటిసారి మైకు తెరిచింది.

"ఆగండి మేడమ్. అర్థం కాలేదు."

"ఎవరండీ? ఏది?"

"పోయినసారి మీరిలా అడిగినప్పుడు నేను కూర తిప్పుతున్నాను. బొత్తాం మా మామయ్య నొక్కారు, ఆయనకు చెవులు వినపడవు. కడ్డీ నా కాలి పక్కనే ఉంటే నేను గోడ దగ్గరకు పరుగెత్తాను. ఆ పిల్ల చెయ్యి పోయింది." ఆమె ఫోను దగ్గరకు జరిగింది. "తప్పు నాదే, కాదనను. కానీ మీరు ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచి, చెయ్యి ఇరుక్కుంటే నువ్వేం చేస్తావమ్మా అని అడిగుంటే, నాకు రాదని ఆ రోజే ఇద్దరికీ తెలిసేది కదా మేడమ్."

మేడమ్ పాఠం మూసేసింది.

"బొత్తాలు పచ్చగా కనిపిస్తే అందరికీ వచ్చేసిందనుకున్నానమ్మా. నాకూ అదే సుఖంగా ఉండింది," అంది. తర్వాత ఒక్కొక్కరినీ పిలిచి, యంత్రం ఆపాలంటే ఏం చేస్తారని అడిగింది. సగం మంది నీళ్ళు నమిలారు. జాబితా చూసుకుంటూ పోతూ కొత్తమ్మాయి పేరు కూడా పిలిచింది. ఎవరూ పలకలేదు.

శిక్షణ ఇచ్చే పెద్దలారా, తీసుకునే అక్కచెల్లెళ్ళారా! ఎదుటి మనిషి మనసు ఇక్కడుందా లేదా అని కనుక్కోని చదువు, ఏదో ఒక రోజు ఎవరో ఒకరి బతుకును బలి తీసుకుంటుంది.