ఎవరి పేరునా లేని నేల

గుంటూరు అరండల్‌పేటలోని సిద్దికా ట్రావెల్స్ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళు దాదాపు రెండు రకాలే. ఉమ్రా యాత్రకని మక్కా పోయేవాళ్ళు, కాశీకి పోయేవాళ్ళు. మార్చిలో ఒక మధ్యాహ్నం వచ్చిన కోటిరత్నం ఆ రెండింటిలో దేనికీ రాలేదు.

అరవైకి దగ్గర పడిన మనిషి. ప్రత్తిపాడు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చింది. మిరపకోతలు ముగింపుకొచ్చిన రోజులు కావడంతో చీర కొంగుకింకా ఘాటు పట్టే ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చోగానే, ఆ ఆఫీసు నడిపే సిద్దికా గట్టిగా తుమ్మింది.

"మా ఘాటేలే అమ్మాయ్, ఏమనుకోబాక," అంది కోటిరత్నం. "అంటార్కిటికా పోవాలి. ఎట్టా పోవాలో నాకు తెలవదు. నువ్వు చెప్పు."

సిద్దికా నవ్వబోయి ఆగింది. ఆవిడ ముఖంలో వేళాకోళం లేదు.

"ఒక్కరేనా అండీ?"

"ఒక్కదాన్నే. మా ఆయన చేను వదిలి కదలడు."

"అంత దూరం ఎందుకో తెలుసుకోవచ్చా?"

కోటిరత్నం దాచుకోకుండా చెప్పింది. కిందటి ఏడు వాళ్ళ ఊళ్ళో భూముల రీసర్వే జరిగింది. పైన డ్రోన్ తిరిగింది, కింద కొత్త రాళ్ళు పాతారు. ఒక రాయి జానెడు ఇటు జరిగిందని తోడికోడలు ఇంటితో మాటలు పోయాయి. పక్కనే ఉన్న ఆ ఇంట్లో పెళ్ళయినా వెళ్ళలేని పరిస్థితి వచ్చింది. విసుగెత్తి ఆవిడ సర్వేయర్ని అడిగింది, ఈ భూమ్మీద ఎవరి పేరునా లేని నేల ఎక్కడన్నా ఉందా నాయనా అని. అతను తల ఎత్తకుండానే "అంటార్కిటికాలో ఉందండీ" అని, ఇంకో రాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

అతను ఆ మాట ఆ నిమిషమే మర్చిపోయి ఉంటాడు. కోటిరత్నం మర్చిపోలేదు. ఫోన్‌లో వీడియోలు చూసింది. చూసినకొద్దీ ఒకటి తెలిసి నాలుగు తెలియకుండా పోయేవి. పసుపుకుంకుమ కింద పుట్టింటివాళ్ళిచ్చిన స్థలం హైవే పక్కకొచ్చి మంచి ధరకు పోయింది కాబట్టి, ఖర్చు సంగతి ఆవిడకు బెంగ కాలేదు.

"నాకు వారం టైమివ్వండి," అంది సిద్దికా. "నాకూ ఏమీ తెలియదు. చదువుకుని చెబుతాను."

ఆ వారం సిద్దికా చదివిన చదువు డిగ్రీలో కూడా చదవలేదు. దక్షిణ అమెరికా అడుగు కొసన ఒక ఊరు, అక్కడినుంచి ఓడ, రెండు రోజులు కల్లోలమైన సముద్రం, ఆ తర్వాత మంచు. ఓడల కంపెనీలకు మెయిళ్ళు పెట్టింది. జవాబులొస్తుంటే, వీసా కోసం వచ్చి కూర్చున్నవాళ్ళను కూడా పట్టించుకోకుండా చదివేది.

కోటిరత్నం మళ్ళీ వచ్చినప్పుడు టేబుల్ మీద రెండు ఓడల బొమ్మలు పెట్టింది.

"ఇది పెద్ద ఓడ. ఇందులో స్విమ్మింగ్ పూలుంటది, సినిమా హాలుంటది. కానీ జనం ఎక్కువ కాబట్టి ఎవరినీ ఒడ్డున దిగనివ్వరు. కిటికీలోంచి చూసి రావడమే. ఇది చిన్నది. నూరుమంది దాకా పడతారు. మంచు తగిలినా తట్టుకునేలా కట్టారు. రబ్బరు పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్ళి దింపుతారు."

"చిన్నదే. దిగకపోతే పోవడం దేనికి? సరేగానీ, ఆ నేల నిజంగా ఎవరిదీ కాదా? సరిగ్గా కనుక్కున్నావా?"

సిద్దికా కొంచెం తటపటాయించింది. "ఏడు దేశాలు ఈ ముక్క మాదంటే మాదని అన్నాయండీ. కొన్నిచోట్ల ఒకే ముక్కను ముగ్గురు అడుగుతున్నారు."

కోటిరత్నం ముఖం చిన్నబోయింది. "అక్కడా గట్టు తగాదాలేనా!"

"తగాదాలున్నాయి. కానీ అందరూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. ఎవరి మాట వాళ్ళది అట్టాగే ఉంచుకుని, తగాదా మాత్రం పక్కన పెడదామని. అప్పట్నుంచి అట్టాగే ఉంది."

"కోర్టుకు పోకుండానే?"

"పోకుండానే."

కోటిరత్నం కుర్చీలో ముందుకు జరిగింది. "అట్టా కుదిరిందా! అయితే అది చూడాల్సిందే."

ఆ తర్వాత ఆవిడ అడగని ప్రశ్న లేదు. ఒడ్డున దిగాక ఒంటేలుకు ఎక్కడికి పోవాలి? ఎక్కడికీ పోకూడదు, పడవెక్కి ఓడకు రావాల్సిందే. గోంగూర పచ్చడి తీసుకెళ్ళొచ్చా? దారిలో కస్టమ్స్ వాళ్ళు ఊరుకుంటే ఓడలో తినొచ్చు, ఒడ్డుకు మాత్రం మెతుకు కూడా తీసుకెళ్ళకూడదు. పొద్దు ఎప్పుడు గుంకుద్ది? దాదాపు గుంకదు. "మరి నమాజు వేళలు ఎట్టా తెలుస్తాయి అమ్మాయ్ మీకు?" అని కోటిరత్నం అడిగితే, సిద్దికాకు అది అప్పటిదాకా తట్టనేలేదు. ఆ సాయంత్రమే వాళ్ళ మసీదు ఇమాంగారిని అడిగి తెలుసుకుంది.

బట్టల దగ్గర పేచీ వచ్చింది.

"ఒంటికి ఆనుకుని పత్తిబట్టలు వద్దన్నారండీ," అంది సిద్దికా. "తడిస్తే ఆరవంట, ఒంట్లో వేడి లాగేస్తాయంట. ఉన్నివే వేసుకోవాలంట."

"పత్తి వద్దన్నది ఎవరు?"

"ఓడవాళ్ళు."

"వాళ్ళెప్పుడన్నా పత్తి చేలో అడుగు పెట్టారా? పెళ్ళయి వచ్చిన కాడినుంచి పత్తి పండిస్తున్నా. ఒట్టి మాటలు నేను నమ్మను. చూసి చెబుతా."

సిద్దికా మేనమామ కొడుకు షఫీక్‌కు నల్లపాడు రోడ్డులో ఐస్‌క్రీం గోడౌన్ ఉంది. ఏప్రిల్ ఎండలో బయట తారు కరుగుతుంటే, లోపల మైనస్ ఇరవై. కోటిరత్నం ఒక చేతికి నూలు గ్లౌజు, ఇంకో చేతికి ఉన్ని గ్లౌజు తొడుక్కుంది. రెండూ నీళ్ళలో ముంచి పిండింది. షఫీక్ తలుపు తీసి, "అమ్మా, ఐదు నిమిషాలు. అంతకన్నా వద్దు," అన్నాడు.

అద్దంలోంచి సిద్దికా చూస్తూనే ఉంది. పక్కన వెనీలా డబ్బాలు, మధ్యలో స్వెట్టర్ మీద కొంగు బిగించుకుని చేతులు చాచి నిలబడ్డ కోటిరత్నం. కాసేపటికి ఒక చేతిని చంక కింద పెట్టుకుంది. రెండోది అట్టాగే చాచి ఉంచింది.

బయటికొచ్చాక నూలు గ్లౌజు రేకులా బిగుసుకుపోయి ఉంది. కోటిరత్నం ఎర్రబారిన వేళ్ళను రుద్దుకుంటూ, "నిజమే," అంది. "పత్తికి దాని ఊరు దానికుంది. ఇది దాని ఊరు కాదు." వెనక్కి తిరిగి గోడౌన్ తలుపు వైపు చూసి అడిగింది. "అక్కడ ఇంకా ఎంత చలి?"

"వేసవిలో సున్నాకు అటూ ఇటూ అండీ. ఇక్కడే చలి ఎక్కువ."

"ముందే చెప్పొద్దూ!" అని షఫీక్ ఇచ్చిన టీ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని పగలబడి నవ్వింది.

అసలు చిక్కు తేదీల దగ్గర వచ్చింది. ఓడలు తిరిగేది నవంబరు నుంచి మార్చి దాకానే. అక్కడ అదే వేసవి. ఇక్కడ అవే మిరప నెలలు. నవంబర్లో పూత, జనవరి నుంచి కోతలు. పురుగు ఏ పూట పడుతుందో తెలియదు.

"జూన్‌లో అయితే ఉత్తర ధ్రువం వైపు ఓడలున్నాయండీ," అంది సిద్దికా. "మంచూ ఉంటది, తెల్ల ఎలుగుబంట్లూ ఉంటాయి. మీకు పంట అడ్డం రాదు."

"ఆ నేల ఎవరిది?"

"నార్వే వాళ్ళది."

"అయితే అదీ ఒకరి చేనే. వద్దులే." చాలాసేపు ఆలోచించి, "నవంబరు వేయి," అంది. "కోతలకు తిరిగొచ్చేస్తా. పూత ఆయన చూసుకుంటాడు."

ఆయన అంటే అంకమ్మరావు. ఆయన ఈ ప్రయాణానికి అడ్డు చెప్పలేదు, సరే అనీ అనలేదు. ఎప్పుడు మాటొచ్చినా "వచ్చే ఏడు పోవచ్చుగా" అనేవాడు. కోటిరత్నం ఆ మాటను పెడచెవిన పెట్టి, బెంగుళూరు నుంచి వెళ్ళే ఒక బృందంలో పేరు రాయించింది. ఆ బృందంలో తెలుగు వచ్చిన రిటైర్డ్ నర్సు ఒకావిడ ఉందని, ఆవిడా కోటిరత్నం ఒకే గదిలో ఉండేట్టు సిద్దికా మాట్లాడింది. ఆగస్టులో మిరప మొక్క నాటారు.

అక్టోబరు మొదట్లో టిక్కెట్లు ఇవ్వడానికి సిద్దికాయే వాళ్ళ ఊరు వెళ్ళింది. ఇద్దరూ చేలో ఉన్నారు. చేను అప్పుడే తెల్లటి తొలిపూతతో ఉంది. కోటిరత్నం భర్తకు పని అప్పగిస్తోంది.

"పొద్దున్నే పూలు కోసి ఇట్టా తెల్లకాగితం మీద దులపాలి. నల్లవి పాకుతూ కనిపిస్తే అవే తామరపురుగులు. ఒకటో రెండో అయితే ఊరుకో. ఎక్కువుంటే ఆ రోజే మందు కొట్టించాలి. ఇదుగో, నువ్వు దులుపు."

అంకమ్మరావు దులిపాడు. కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "ఏమీ లేవు," అన్నాడు.

పక్కనే నిలబడ్డ సిద్దికాకు కాగితం మీద నల్లటి నూగు కదులుతూ స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె కోటిరత్నం వైపు చూసింది. కోటిరత్నం భర్త ముఖంలోకి చూస్తోంది.

"ఇదుగో, ఇది చూడు," అంటూ కోటిరత్నం కాగితం మీద వేలు పెట్టింది.

"ఏది?"

"నా వేలెక్కడుంది?"

ఆయన తప్పు చోట చూస్తున్నాడు. కోటిరత్నం కాగితం మడిచి బొడ్లో దోపుకుంది.

"ఎప్పట్నుంచి?"

"ఉగాదప్పట్నుంచి మసకమసగ్గా ఉంటుంది," అన్నాడాయన.

"ఇన్ని నెలలూ చెప్పకుండా నోరు మూసుకున్నావా? వచ్చే ఏడు, వచ్చే ఏడు అని గొణగడం ఇందుకా?"

"చెబితే నువ్వు పోవడం మానేస్తావు," అన్నాడు అంకమ్మరావు. గొంతు పెద్దది చేయబోయాడు గానీ మాట చిన్నగానే వచ్చింది. "చెప్పకపోతే పంట పోద్ది. ఏం చెయ్యాలో నాకు తోచలా."

కోటిరత్నం గట్టు మీద కూలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంటుంటే ఏడుస్తోందో, చెమటో సిద్దికాకు తెలియలేదు. అప్పటిదాకా కోటిరత్నం ప్రశ్నలన్నీ ఎక్కడో మంచు గురించే. ఇంట్లో పక్కన పడుకునే మనిషికి ఎంత కనిపిస్తుందో అడగలేదు. ఆ మాటే పైకి అంది.

"టిక్కెట్లు వెనక్కి ఇచ్చెయ్యమంటారా?" అని మెల్లగా అడిగింది సిద్దికా.

"ఇయ్యొద్దమ్మాయ్!" అన్నది కోటిరత్నం కాదు, అంకమ్మరావు. "ముందు డాక్టర్ని చూద్దాం."

శుక్లాలు. గుంటూరులో ఒక కంటికి ఆ వారమే ఆపరేషన్ చేశారు. నల్లకళ్ళజోడు పెట్టుకుని వరండాలో కూర్చున్నన్నాళ్ళూ ఆయన చేలోకి పోలేక గింజుకున్నాడు. కోటిరత్నమే పొద్దున్నే పూలు తెచ్చి కాగితం మీద దులిపి చూపించేది. మొదట పాకే నలుసులు కనిపించాయి. ఇంకో వారానికి వాటి కాళ్ళు కూడా కనిపిస్తున్నాయని చెప్పాడు. అది కొంచెం ఎక్కువే చెప్పాడని ఆవిడకు తెలుసు.

ప్రయాణానికి ముందు చివరి పని బట్టలు శుభ్రం చేయడం. అక్కడికి బయటి గింజ ఒక్కటి కూడా పోకూడదని ఓడవాళ్ళ నియమం. జేబులు, బూట్ల అడుగులు, బ్యాగు మడతలు అన్నీ దులిపి రావాలి. సిద్దికా వాక్యూమ్ క్లీనర్ తెచ్చింది. కొత్త కోటులో ఏమీ లేదుగానీ, కోటిరత్నం చేతిసంచి తిరగేస్తే కుట్లలోంచి మిరపగింజలు, పత్తి నూగు, వేరుశనగ పొట్టు రాలాయి.

"ఈ గింజ ఆ మంచులో మొలుస్తుందా?" అని కోటిరత్నం ఆశ్చర్యపోయింది.

"మొలవదేమో. మొలిచే గింజ ఏదో ముందు తెలియదు కదండీ, అందుకని ఏదీ వద్దంటారు."

అంకమ్మరావు సూది తీసుకుని కుట్టు కుట్టుకూ వెతికాడు. వాక్యూమ్ వదిలేసినవి కూడా ఏరి అరచేతిలో చూపించాడు. అయినా చివరికి కోటిరత్నం ఆ సంచి ఇంట్లోనే వదిలి కొత్తది కొనుక్కుంది.

నవంబరు మూడోవారంలో వెళ్ళిన మనిషి డిసెంబరులో తిరిగొచ్చింది. చేను కొంత దెబ్బతింది, ఎక్కువ భాగం నిలిచింది. వచ్చిన నాలుగోరోజున అరండల్‌పేట మెట్లెక్కి వచ్చి, అదే కుర్చీలో కూర్చుంది. ముఖం చలిగాలికి కమిలి, ముక్కు మీద తోలు ఊడుతోంది.

సిద్దికా ఎదురుగా ఉన్న ఉమ్రా యాత్రికులను కాసేపు ఆగమని, "ఎట్టా ఉంది?" అంది. ఇన్ని నెలల తర్వాత అడిగే వంతు ఆమెది.

"ఓడెక్కిన మర్నాటినుంచి రెండు రోజులు మంచం దిగలా. నర్సమ్మ లేకపోతే ఏమయ్యేదాన్నో. పెంగ్విన్లు కంపు కొడతాయి, అది వీడియోలో ఎవరూ చెప్పలేదు. రాళ్ళు నల్లగా ఉన్నాయి, మన నల్లరేగడి లాగా."

"దిగారా?"

"దిగాను. దిగి వంగి చూశా. రాయి పాతిన గుర్తు ఎక్కడా లేదు. కానీ అమ్మాయ్, అక్కడ దాన్ని గురించి ఆలోచన రాలా." కోటిరత్నం చెప్పేది వెతుక్కుంటున్నట్టు ఆగింది. "ఒకరోజు పడవలో తీసుకెళ్ళి ఇంజన్ ఆపేశారు. ఎవరూ మాట్లాడొద్దన్నారు. చుట్టూ మంచుముక్కలు తేలుతున్నాయి. అవి చిటపటమంటున్నాయి, పోపులో ఆవాలేసినట్టు. ఏంటని అడిగితే నర్సమ్మ చెప్పింది. ఎన్నో వేల ఏళ్ళ నాటి గాలంట, మంచులో బుడగలుగా ఇరుక్కుపోయి, మంచు కరుగుతుంటే బయటికొస్తుందంట. చెవి నీళ్ళదాకా వంచి విన్నా. పడిపోతానని వెనకనుంచి ఎవరో నా కోటు పట్టుకున్నారు."

"ఆ గాలి వాసన ఉంటుందా?" అంది సిద్దికా.

"ఉండదు. నేనూ అదే అనుకుని పీల్చి చూశా."

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి? చేతితో తాకారా? ముక్క నోట్లో పెట్టుకోనిచ్చారా?"

ఉమ్రా యాత్రికుల్లో ముసలాయన కూడా కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కోటిరత్నం కొంగు సర్దుకుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.