తొమ్మిది వేలు రాసిన బోర్డు

నేను ఒక తెల్లబోర్డును. బాలానగర్‌లోని ఒక చిన్న షెడ్డులో పుట్టాను. రేకు, చెక్క, చుట్టూ అల్యూమినియం పట్టీ, అంతే నా ఒళ్లు. కానీ పద్నాలుగేళ్లు చర్లపల్లి పంపుల ఫ్యాక్టరీలో అసెంబ్లీ హాలు గోడ మీద నిలబడ్డాను. ఈ రోజు ఎన్ని మోటార్లు చేయాలో నన్ను చూశాకే మూడు వందల మంది చెయ్యి కదిపేవారు. మేనేజరు గారు కూడా ముందు నా ముఖం చూసి, తర్వాతే తన కుర్చీలో కూర్చునేవారు. కొంచెం గొప్పలు పోతే తప్పేముంది?

మా హాలులో ఒక ఆచారముంది. ఆయుధపూజ నాడు మిషన్లకు పసుపూ కుంకుమా పెట్టి, గుమ్మడికాయ కొట్టాక, అందరికంటే పాత కార్మికురాలు రాజమణి నా మీద ఎర్ర మార్కరుతో ఒక అంకె వేస్తుంది. ఈ ఏడు ఇన్ని మోటార్లకు ఆర్డరు రావాలని అమ్మవారికి పెట్టుకునే కోరిక అది. దీపావళి దాకా దాన్ని తుడవరు. అందరికీ తెలిసిన సంగతి కాబట్టి పక్కన ఏమీ రాయరు. ఆ ఏడు ఆమె రాసింది తొమ్మిది వేలు.

దసరా సెలవుల తర్వాత స్టోర్స్‌లో గుమస్తాగా దివాకర్ చేరాడు. మంచివాడే, కాకపోతే చేతిలో ఫోను ఉంటే లోకమంతా తన మాట కోసమే కాచుకుని ఉందనుకునే రకం. మా కంపెనీ షేర్లు కొనేవాళ్లంతా ఆన్‌లైన్‌లో చేరి మాట్లాడుకునే వేదిక ఒకటుంది. అక్కడ అతని పేరు ‘లోపలి మనిషి’. నన్ను చూసిన రోజే అక్కడ రాసేశాడు: ‘మా కంపెనీకి తొమ్మిది వేల మోటార్ల ఆర్డరు. ఇంకా ప్రకటించలేదు. కొనుక్కోండి.’ పనిచేసే చోటి విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టి చేరి పట్టుమని పది రోజులు కాలేదు. మెచ్చుకోళ్లు వచ్చిపడుతుంటే మురిసిపోయాడు.

మూడో రోజు టీ వేళ రాజమణి ఫోను పట్టుకుని అతని దగ్గరికి పరుగున వచ్చింది.

“సారూ, ఎవలో లోపలి మనిషంట, మనకు తొమ్మిది వేల ఆర్డరొచ్చిందని రాసిండు. పూజ నాడు నేను రాసిన లెక్కనే! తల్లి ఇన్నది. మా ఆయన పోయినంక వచ్చిన పీఎఫ్ పైసలన్నీ ఇయ్యాలనే షేర్లల్ల పెడుత. జర ఎట్ల పెట్టాల్నో చూపియ్యుండ్రి.”

“నువ్వు రాసిన లెక్కా?”

“మరి ఎవలు రాస్తరు? ఏటా నేనే గద. గది కోరిక సారూ.”

దివాకర్ నా వైపు చూశాడు. నోరు మూసుకుంటే అతని ఉద్యోగం నిలుస్తుంది, ఆమె డబ్బు పోతుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

“పెట్టొద్దక్కా,” అన్నాడు చివరికి. “ఆ లోపలి మనిషిని నేనే. ఈ బోర్డు చూసి రాశాను. ఏ ఆర్డరూ రాలేదు.”

అక్కడే నిలబడి, తన అసలు పేరుతో ఆ వేదికలో తప్పు ఒప్పుకున్నాడు. బూతులు తిట్టినవాళ్లున్నారు, అప్పటికే కొన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత తనంతట తానే మేనేజరు గదిలోకి వెళ్లాడు.

“నిజమై ఉంటే కంపెనీ రహస్యం బయటపెట్టినట్టే, ఇంకా పెద్ద తప్పయ్యేదయ్యా,” అన్నారాయన. ఉద్యోగం పోయింది.

వెళ్లే ముందు దివాకర్ డస్టరు తీసుకుని నా మీది తొమ్మిది వేలను తుడిచాడు. మార్కరు సిరా అప్పటికే ఎండి అంటుకుపోయింది. ఎంత రుద్దినా లేత ఎరుపు మరక మిగిలిపోయింది.

ఇప్పుడు లెక్కలన్నీ తాళం వేసిన గదిలో ఒక తెర మీద కనిపిస్తాయి. నన్ను తుక్కు కింద తూకానికి వేయబోతే రాజమణి అడ్డం పడి, తను వైరు చుట్టే బల్ల పైన తగిలించుకుంది. ఏటా కొత్త అంకె వేసి, కింద ‘ఇది మా కోరిక’ అని పెద్దక్షరాలతో రాస్తోంది. మరకను మాత్రం ముట్టుకోదు. కొత్తగా చేరినవాళ్లు అదేమిటని అడుగుతారు.

“గది మా దివాకర్ సారుది,” అంటుంది. “కొలువు పోగొట్టుకొని నా పైసలు నిలబెట్టిండు.”

నా పేరు ఎత్తదు. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ నాకు గర్వంగానే ఉంటుంది.