చిన్నకోడలి చేయి

మామగారికి విమానాలు రెండే. ఒకటి పొలాల మీద మందు చల్లేది, రెండోది ఫొటోలు తీసేవాళ్ళను తిప్పేది. పెద్దకోడలు కాపురానికి వచ్చిన ఏడాదే ఆయన దగ్గర విమానం నడపడం నేర్చుకుంది. ఎండనక గాలనక నడిపింది. ఆ పనంతా ఆమె చేతుల మీదే నిలబడిందని ఇంట్లో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ పనిగట్టుకుని అనేవారు కాదు.

తరవాత చిన్నకోడలు వచ్చింది. ఆమెకు పెళ్ళికి ముందే లైసెన్సు ఉంది. మొదటిరోజు ఆమె విమానం దింపిన తీరు చూసి, విమానాలు పెట్టే హ్యాంగర్ ముందు టీ తాగుతున్న మామగారు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. "నేలకి తెలీకుండా దింపావమ్మా" అన్నారు. ఇన్నేళ్ళలో పెద్దకోడలు దింపినప్పుడల్లా ఆయన నోట వచ్చిన మాట ఒక్కటే: "వచ్చావా?"

ఆనాటి నుంచి పెద్దకోడలికి కడుపులో రగులుతూనే ఉంది. చిన్నది కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే లోలోపల సంబరపడేది. విమానం దింపుతుంటే మొహం తిప్పుకునేది కానీ, చక్రాల చప్పుడు కోసం చెవులు రిక్కించేది. ఆ చప్పుడు ఎప్పుడూ వినిపించేది కాదు.

ఆ ఏడు మామగారు దూరపు ఊళ్ళో ఒక పాత విమానం కొన్నారు. ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్నది. అలాంటి విమానం కాస్త వంకరగా నేలను తాకినా చాలు, తోక ముందుకొచ్చి గిర్రున తిరిగిపోతుంది. కోడళ్ళిద్దరినీ వెళ్ళి తెమ్మన్నారు. బయల్దేరేముందు పెద్దకోడలిని పక్కకు పిలిచి, దింపడం మాత్రం చిన్నదానికి వదిలెయ్యమని మెల్లగా చెప్పారు. ఆ మెల్లగా చెప్పడమే ఆమెను ఎక్కువగా పొడిచింది.

అందుకే దారిలో పెట్రోలు కోసం ఆగినచోట తనే దింపింది. విమానం ఎగిరి పడి, మళ్ళీ ఎగిరి, ఎలాగో ఆగింది. పెట్రోలు పోసేవాడు, ఎన్నిసార్లు దిగినట్టు రాసుకోవాలని అడిగాడు. చిన్నకోడలు విననట్టు మ్యాపు విప్పుకుంది. ఆ మర్యాద కూడా పెద్దకోడలికి గిట్టలేదు.

మధ్యాహ్నం దారికి అడ్డంగా వాన మబ్బు పట్టింది. చిన్నకోడలు తిన్నగా పోదామంది. పెద్దకోడలు మబ్బు అంచు రంగు చూసి, మారుమాట లేకుండా విమానాన్ని నది వెంట తిప్పింది. వెనక్కి చూస్తే వాళ్ళు పోవలసిన దారంతా మెరుపులు. నువ్వు లేకపోతే అందులోకే దూరేదాన్నని చిన్నకోడలు ఒప్పుకుంది. జాలిపడి అంటోందనుకుంది పెద్దకోడలు.

ఇంటికి చేరేసరికి గాలి అడ్డంగా కొడుతోంది. కింద హ్యాంగర్ ముందు ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. వాళ్ళను చూశాక పెద్దకోడలు కంట్రోలు వదల్లేదు. వేగంగా వచ్చింది. చక్రాలు తాకాయి, విమానం ఎగిరింది, గాలి పక్కకు నెట్టింది. ఇంజిన్ పూర్తిగా పెంచి మళ్ళీ పైకి తీసుకుపోయింది. చిన్నకోడలి చేయి కంట్రోలు దాకా వచ్చి, వెనక్కి వెళ్ళింది.

"తీసుకో. నీకే ఇమ్మన్నారుగా" అంది పెద్దకోడలు.

"వద్దక్కా. నువ్వే దింపు."

"అందరి ముందూ నా పరువు తియ్యాలనా?"

"నువ్వు విమానం ముక్కు కింద నేల చూస్తున్నావక్కా. రన్‌వే ఆ చివర చూడు. దింపాలని తొందరపడకు. దిగనివ్వకుండా పట్టుకో, అదే దిగుతుంది."

పెద్దకోడలికి ఒళ్ళు మండింది. అయినా చెప్పినట్టే చేసింది. వేగం తగ్గించి, గాలి వచ్చే వైపు రెక్క కాస్త వంచి, ఆ చివరి కంచె మీద చూపు నిలిపింది. ఇంజిన్ తగ్గించింది. "ఇంకా... ఇంకా" అని చిన్నకోడలు గొణుగుతోంది. ఒక చక్రం, తరవాత రెండోది, ఆఖరికి తోక. ఎప్పుడు తాకాయో ఆమెకే తెలియలేదు.

మామగారు పరుగులాంటి నడకతో చిన్నకోడలి వైపు తలుపు దగ్గరికి వచ్చారు. మొదటిసారి చూసి గుండె జారిపోయిందని, రెండోసారి నీ చేతికిచ్చింది కాబట్టి బతికిపోయామని అన్నారు.

"రెండుసార్లూ అక్కే మామయ్యా. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నా."

ఆయన పెద్దకోడలి వైపు తిరిగారు. "ఇంత బాగా దింపగలిగినదానివి, ఇన్నేళ్ళూ నా చక్రాలెందుకు అరగ్గొట్టావమ్మా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మెప్పు అది, కానీ రుచించలేదు. కిటుకు ఎవరిదో చెప్పాలని మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చిన్నకోడలు కూడా అనలేదు. బ్యాగు భుజాన వేసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. తనైతే ఆ మెప్పును అంత తేలిగ్గా వదులుకునేది కాదని పెద్దకోడలికి తెలుసు. ఇప్పుడు దానికీ అసూయే.

కొన్నాళ్ళు మనసులోనే నలిగింది. ఒక తెల్లవారుజామున చిన్నకోడలు విమానం అద్దం తుడుస్తుంటే దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"మందు చల్లేదానికి ముక్కు పొడుగు కదా. ఆ చివర కనపడదు. అప్పుడెక్కడ చూడాలి?"

ఆ ఒక్క మాట అడగడానికి ఆమెకు ప్రాణం పోయినంత పనైంది.

"పక్కనుంచి చూడాలి. ఎక్కు, చూపిస్తా" అంది చిన్నకోడలు.

"మామయ్య లేవకముందే వచ్చేద్దాం" అంది పెద్దకోడలు.

ఆ పొద్దున చాలాసార్లు దింపింది. కొన్ని కుదిరాయి, కొన్ని ఎగిరిపడ్డాయి. ఒకసారి మరీ ఎత్తుకు ఎగిరితే చిన్నకోడలు ఆపుకోలేక పకపకా నవ్వింది. పెద్దకోడలు ఆమెను ఒక్క చూపు చూసి, పళ్ళు బిగబట్టి, ఇంజిన్ పెంచి మళ్ళీ చుట్టు తిరిగింది.