అద్దంలో కూర్చున్న బేరం

మా నాన్న ముఖం చెడగొట్టింది నేనేనని మా తమ్ముడు అన్నాడు. అన్నవాడు ఇంట్లో అనలేదు, కొట్లో అన్నాడు, రెండు కుర్చీల్లోనూ మనుషులుండగా.

"నీ చెయ్యి బరువక్కా. ఆ మెడ చూడు, ఎలా కమిలిపోయిందో. నాన్నకే గడ్డం గీయడం రాకపోతే ఇక ఊళ్ళోవాళ్ళకేం గీస్తావు?"

నాకు ఒళ్ళు మండింది. వాడు బస్సు నడుపుతాడు. నేను ఎప్పుడైనా వెళ్ళి బ్రేకు ఇలా తొక్కాలిరా అని చెప్పానా? కుర్చీలో ఉన్నాయన ముఖంమీద నురగ ఉంది కాబట్టి ఊరుకున్నాను, లేకపోతే వాడికి ఆ పూట గట్టిగానే పడేవి.

కానీ వాడన్నది చూస్తే అబద్ధం కాదు. నాన్న దవడలకింద చర్మం ఎర్రగా కందిపోయింది. మెడమీద పొక్కులు లేచాయి. కొన్నిచోట్ల పైపొర లేచిపోయి తడితడిగా ఉంది. చెయ్యి తగిలితే చాలు, ముఖం పక్కకి తిప్పుకునేవాడు.

ఎవరి ముఖమని? ఈ వీధిలో మా నాన్న పేరు ఎవరికీ తెలియదు, అందరూ వెన్నచెయ్యి అంటారు. ఆయన గీశాక బుగ్గ తడుముకుంటే వెన్న రాసినట్టు ఉండేదట. నాకు పని నేర్పింది ఆయనే. నేర్పడమంటే బుజ్జగించి నేర్పలేదు, తిట్టి నేర్పాడు.

"గడ్డం నానకుండా బ్లేడు పెట్టేవాడు మనిషే కాదు. ముందు వేడి గుడ్డ వెయ్యి. ఆ గుడ్డ చల్లారేదాకా నోరు మూసుకుని నిలబడు. ఆ తరవాత నురగ. వెంట్రుక ఎటు వాలితే నువ్వూ అటే పో. ఎదురు వెళ్ళావనుకో, నున్నగా వచ్చిందని నువ్వు మురిసిపోతావు. వెంట్రుకేమో చర్మం కిందకి తెగి, పైకి రావడానికి దారి దొరక్క లోపలే ముడుచుకుంటుంది. పొక్కు పుట్టేది అక్కడే. నొక్కకు. నీ కోపం నీ దగ్గరే పెట్టుకో, బ్లేడుకి అందించకు. అయ్యాక చన్నీళ్ళు. తువ్వాలుతో అద్దాలిగానీ అంట్లు తోమినట్టు తోమకూడదు."

అన్నిటికంటే ఆయన చెవి గొప్పది. వీధివైపు తిరిగి కూర్చుని, నావైపు చూడకుండానే బ్లేడు చప్పుడు వినేవాడు. మంచి బ్లేడయితే సన్నగా వినబడుతుంది. మొద్దుబారితే గరగరమంటుంది. నా చెవికి ఆ తేడా అందకముందే అక్కడినుంచి కేక వచ్చేది. "అది గీయడం కాదే, గీకడం. పాపం ఆయన ముఖం అనుకున్నావా, అడుగంటిన గిన్నె అనుకున్నావా? బ్లేడు మార్చు." గీయించుకోడానికొచ్చిన బేరాలు నవ్వేవారు. నేను పళ్ళు నూరుకుంటూ మార్చేదాన్ని. మార్చినప్పుడల్లా ఆయన మాటే నిజమయ్యేది, అందుకు ఇంకా మంట.

అలాంటి మనిషి ముఖం నా చేతిలో పాడైందంటే నాకెలా ఉంటుంది? రోజూ పొద్దున్నే ఆయనకు గీసేది నేనే. సబ్బు మార్చాను. బ్రష్షు వేడినీళ్ళలో నానబెట్టి కడిగాను. వాసన నీళ్ళు పారబోశాను. పటిక రాయడం మానేశాను. తువ్వాళ్ళు విడిగా ఉతికాను. ఒక్కటీ పనిచేయలేదు. ఒక రోజు తగ్గినట్టుంటే మర్నాడు రెండింతలయ్యేది. చివరికి చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

"రోజుకెన్నిసార్లు గీస్తారు?" అని అడిగింది ఆవిడ.

"ఒక్కసారే."

"ఇది ఒక్కసారి గీసిన చర్మం కాదమ్మా. గీసినచోటే మళ్ళీమళ్ళీ గీశారు. కొన్నాళ్ళు అసలు బ్లేడు తగలనివ్వకండి. ఈ మందు రాయండి, చర్మాన్ని దానంతట దాన్ని మాననివ్వండి."

నాకు పౌరుషం వచ్చింది. మంగలి కూతురికి గడ్డం గురించి చెప్పడమేమిటని దారంతా గొణుక్కుంటూ వచ్చాను. నాన్న నా పక్కన నడుస్తూ, "ఎవరిమీదే కోపం?" అని అడిగాడు. ఎవరిమీదో ఆయనకి అప్పటికే గుర్తులేదు.

ఆ మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూసి, వెనక ఇంట్లోకి వస్తే నీళ్ళగదిలో మాటలు వినబడ్డాయి. నాన్న గొంతే. చిన్న అద్దం ముందు నిలబడి ఉన్నాడు. ముఖమంతా నురగ. చేతిలో ఆయన సొంత రేజరు, పిడి తిప్పితే తల ఊడే పాతకాలంది. పొద్దున నేను గీసిన గడ్డాన్నే మళ్ళీ గీస్తున్నాడు.

"ఆలస్యమైంది బాబూ, ఏమీ అనుకోకు. మా అమ్మాయి ఒక్కతే చేసుకుంటోంది. ఒక్క క్షణం తల ఎత్తు" అంటున్నాడు అద్దంలోకి చూస్తూ.

"నాన్నా, ఏం చేస్తున్నావు?"

"మెల్లగా మాట్లాడు. ఈయన ఎప్పటినుంచో కూర్చున్నాడు పాపం. నువ్వు చూసుకోవద్దా?"

అద్దం చూసిన ప్రతిసారీ అందులో ఒక బేరం కూర్చుని ఉంటుంది ఆయనకి. ఆ బేరాన్ని వట్టి చేతులతో పంపడం ఆయనకి చేతకాదు. నేను సబ్బుని అనుమానించాను, తువ్వాలుని అనుమానించాను, నా చేతినే అనుమానించాను. ఆయన చేతిని మాత్రం అనుమానించలేదు. ఎలా అనుమానిస్తాను, అది వెన్నచెయ్యి.

మర్నాడు రేజరు దాచేశాను. అది మహా తప్పయింది. ఇల్లంతా వెతికాడు. నీళ్ళగది అద్దం తీసేస్తే కొట్లోకి వచ్చాడు. అక్కడ గోడంతా అద్దాలే, ఎన్నిటికని గుడ్డ కప్పను? ప్రతి అద్దం ముందు ఆగి, "కాస్త ఓపిక పట్టండి" అని బతిమాలాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. "బేరాన్ని అలా కూర్చోబెట్టి మనం ఎలా తింటామే?" అని ఏడ్చాడు. నాన్న ఏడవడం అమ్మ పోయినప్పుడు చూశాను. మళ్ళీ అప్పుడే చూశాను.

తమ్ముడికి చెప్తే కొట్టిపారేశాడు. "పెద్దతనం, మతిమరుపు. నువ్వు గోరంత దాన్ని కొండంత చేస్తావు. నిన్న నన్ను పేరు పెట్టి పిలిచాడు. నాన్నకేం కాలేదు" అన్నాడు. వాడికి ఏం కాకూడదు, అంతే. వాడి బాధ నాకు తెలియక కాదు.

ఆ రోజు రేజరు తల విప్పి, బ్లేడు తీసేసి, మళ్ళీ బిగించి యథాస్థానంలో పెట్టాను. అద్దమూ తగిలించాను. ముఖం మానాలంటే వేరే దారి లేదు. కానీ నిజం చెప్పొద్దూ, నా ఆశ వేరు. ఆయన పట్టేస్తాడనుకున్నాను. ఒక్క గీతకే పట్టేసి, రేజరు విసిరికొట్టి, "ఎవర్ని మోసం చేస్తున్నావే?" అని వీధి అదిరేలా అరుస్తాడనుకున్నాను. ఆ అరుపు కోసం గుమ్మం పక్కన దేవుణ్ణి వేడుకుంటూ నిలబడ్డాను.

నాన్న నురగ వేసుకున్నాడు. చెంపమీద మొదటి గీత గీశాడు. ఆగాడు. రేజరుని చెవి దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కేకెయ్యి నాన్నా, తిట్టు నాన్నా, అని లోపలే అనుకుంటున్నాను. ఆయన దాన్ని నీళ్ళలో జాడించి, రెండో గీత గీశాడు. మెడ దాకా అంతా గీశాడు. నురగ పోయింది, గడ్డం ఎక్కడిది అక్కడే ఉంది. ఆ గడ్డాన్ని తడుముకుని, "వెన్న" అన్నాడు అద్దంతో.

కొన్ని వారాల్లో పొక్కులు ఎండిపోయాయి. చర్మం చల్లబడింది. ఆ తరవాత అప్పుడప్పుడు నేనే నానబెట్టి, వాలువైపుగా తేలిగ్గా గీసేదాన్ని. మిగతా అన్నిసార్లూ ఆయన ఖాళీ రేజరుతో గీసుకునేవాడు. డాక్టరమ్మ మెచ్చుకుంది. నాకు ఆ మెచ్చుకోలు ముల్లులా గుచ్చుకుంది.

సెలవురోజున తమ్ముడు కొట్టుకి వచ్చాడు. నాన్న గుమ్మం దగ్గర బెంచీమీద కూర్చుని తువ్వాళ్ళు మడతపెడుతున్నాడు. "చూశావా? చెయ్యి తేలిక చేసుకున్నావు, తగ్గిపోయింది. అనవసరంగా ఏదేదో అన్నావు" అన్నాడు వాడు.

"రేజరులో బ్లేడు లేదురా" అన్నాను.

"ఏంటి?"

"బ్లేడు లేకుండా గీసుకుంటున్నాడు. ఇన్ని వారాలనుంచీ."

వాడి ముఖం మాడిపోయింది. "నాన్నా? చప్పుడు వినే నాన్నా? అబద్ధం చెప్పకు" అన్నాడు.

"అయితే కూర్చో."

కూర్చున్నాడు. పారేసిన బ్లేళ్ళ డబ్బాలోంచి బాగా మొద్దుది ఒకటి ఏరి, స్పిరిటులో కడిగి బిగించాను. వేడి గుడ్డ వేయలేదు. నురగ పేరుకి రాశాను. నాన్న చెయ్యొద్దన్నదల్లా చేశాను. వాలుకి ఎదురుగా, నొక్కి, గరగరమని గీశాను. ఆ చప్పుడుకి నా పళ్ళే జివ్వుమన్నాయి. ఇదివరకైతే సగం గీత పడకముందే బెంచీనుంచి తిట్లు వచ్చిపడేవి.

నాన్న తల ఎత్తలేదు. తువ్వాలు అంచులు కలుపుకుంటున్నాడు.

తమ్ముడి చెంప ఎర్రబడింది. కుర్చీ చేతులు బిగించి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మంటకేనో కాదో నేను అడగలేదు.

"ఆపనా?" అన్నాను.

"వద్దు. ఇంకొంచెం గట్టిగా గీయక్కా. వీధిలో బళ్ళ చప్పుడుకి వినబడలేదేమో."

రెండో చెంపకి వచ్చాను. ఇంకా గట్టిగా గీశాను. రక్తం చుక్కలు చుక్కలుగా పైకి తేలింది. అప్పుడు నాన్న తల ఎత్తాడు. నా చెయ్యి ఆగిపోయింది. నాన్న మా ఇద్దర్నీ అద్దంలో ఒకసారి చూశాడు. మడిచిన తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, ఎంతో మర్యాదగా నవ్వాడు.

"కానివ్వండమ్మా, నాకేం తొందర లేదు. ఆయనది అయ్యాక చూడండి. నా వంతు వచ్చేదాకా కూర్చుంటాను."

పుట్టి బుద్ధెరిగాక నాన్న నన్ను మీరు అనడం అదే మొదలు. తమ్ముడు సగం నురగ ముఖంతో కుర్చీలోంచి లేచాడు. చెంపమీది రక్తం తుడుచుకోకుండానే వెళ్ళి నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నాది అయిపోయిందండీ. మీరు రండి, కూర్చోండి" అన్నాడు.

నాన్న వచ్చి కూర్చుని, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకున్నాడు. నేను వేడి గుడ్డ వేసి, అది చల్లారేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను. తరవాత కొత్త బ్లేడు తీశాను.