బడికి వచ్చిన శుభలేఖలు

నేను ఒక మైకును. నా గురించి నేను చెప్పుకోవడం ఇదే మొదటిసారి. ఇన్నేళ్లూ ఒకరు అన్నది పదిమందికి వినిపించడమే తప్ప నాకంటూ ఒక మాట లేదు. కొత్త కోడలి పరిస్థితి కూడా ఇంతేనని పెళ్లిళ్లలో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఆమెకైనా కొన్నాళ్లకు నోరొస్తుంది. నాకు అదీ లేదు.

పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో, ఇరుకు సందులో ఉన్న చిన్న కార్ఖానాలో. టీ వడపోసే జల్లెడలాంటి తల, జానెడు పిడి, కడుపులో కాస్త తీగచుట్ట, ఒక అయస్కాంతం. ఇంతే నేను. నన్ను బిగించినాయన నోటి దగ్గర పెట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి పెట్టెలో పడేశాడు. ఆ తర్వాత నన్ను పట్టుకున్న ప్రతి మనిషీ అదే పని చేశాడు. ఎమ్మెల్యేలూ హలో మైక్ టెస్టింగ్ వన్ టూ త్రీ అన్నారు, పురోహితులూ అన్నారు. మూడు దాటి లెక్కపెట్టినవాణ్ణి నేను చూడలేదు. ఈ దేశానికి లెక్కల మాస్టార్లు చాలామంది కావాలని నాకు అప్పుడే అనిపించింది.

నన్ను కొన్నది ధనకోటి. కృష్ణా జిల్లాలో, సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉన్న వేములదిబ్బలో ఆయనకు సౌండ్ సర్వీసు ఉంది. ఆయన చేతి కింద నేను చూడని కార్యం లేదు. ఎన్నికలప్పుడు ఒకే వీధిలో పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి పనిచేశాను. మాటల్లో తేడా తెలియలేదు. ఒకాయన నోట్లో కిళ్లీ, ఇంకొకాయన నోట్లో ఉల్లిపాయ, అంతే.

కానీ నా అసలు ఉద్యోగం చదివింపులు. భోజనం చేసి చెయ్యి కడుక్కున్నవాళ్లు వరసగా వచ్చి డబ్బు చేతిలో పెడతారు. పక్కనున్నాయన నన్ను పట్టుకుని, "ఫలానా వారు, పెళ్లికూతురికి, నూట పదహార్లు" అని ఊరంతా వినేట్టు చెబుతాడు. రేపు ఆ ఇచ్చినవాళ్లింట్లో శుభకార్యం అయితే వీళ్లు వెళ్లి అంతకు అంతా, పైన కాస్త వేసి చదివించాలి. అది మర్యాద. రాసుకోకపోయినా ఎవరూ మరిచిపోరు. బావమరిది పేరు మరిచిపోయినవాణ్ణి చూశాను కానీ, బావమరిది ఎంత చదివించాడో మరిచిపోయినవాణ్ణి చూడలేదు.

వైర్లు లేని మైకులు వచ్చాక ధనకోటికి నాతో పని తగ్గింది. పాత సామాను కొట్టుకు వేస్తే ఏమొస్తుందనుకున్నాడో ఏమో, నన్నూ, ఒక పాత ఆంప్లిఫయరునూ, రెండు బాక్సులనూ ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకు విరాళమిచ్చాడు. ఇస్తూ ఇస్తూ నా జానెడు పిడి మీద తెల్లరంగుతో "దాత: ధనకోటి సౌండ్స్, పెళ్లిళ్లకు పేరంటాలకు సంప్రదించండి" అని రాయించాడు. దానం చేసినా కొట్టు తెరిచే ఉంచాలి కదా.

బడిలో హాయిగా ఉంటుందనుకున్నాను. పొద్దున ఒక ప్రార్థన, ఒక ప్రతిజ్ఞ, నాలుగు వార్తలు. తర్వాత రోజంతా బీరువాలో నిద్ర. రిటైరైనవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

అప్పుడు నిధుల కోతలు మొదలయ్యాయి. ముందు సుద్దముక్కల డబ్బు సగమైంది. తర్వాత బడి ఊడ్చే ఆమె జీతం ఆగింది. ప్రతి కోతనూ హెడ్మాస్టరు శరభయ్య గారు ప్రార్థన అయ్యాక నాలోంచే చెప్పేవారు. గొంతులో కోపం ఉండేది కాదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఆ ఏడు దసరా సెలవులయ్యాక ఆయన మళ్లీ నన్ను చేతిలోకి తీసుకున్నారు. లెక్కలు చెప్పే సుభాషిణికి వచ్చే నెల నుంచి జీతం రాదని చెప్పారు. పర్మనెంటు పోస్టు ఎప్పటినుంచో ఖాళీ. ఆ అమ్మాయి తాత్కాలికం. రోజూ బందరు నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. జీతం లేకుండా రమ్మని ఎవరంటారు?

ఆ ఊళ్లో పదో తరగతి లెక్కల్లో తప్పిన ఆడపిల్లకు రెండో దారి రొయ్యల షెడ్డు. పొద్దుపోయేదాకా ఐసులో చెయ్యిపెట్టి పొట్టు వలవాలి. ఆ దారి తెలిసిన మనిషి నాంచారమ్మ. పెళ్లికి ముందు అక్కడే పనిచేసింది. ఇప్పటికీ వానాకాలం వస్తే వేళ్లు వంగవు. ఇప్పుడు బడి తల్లిదండ్రుల కమిటీకి ఆమే ఛైర్మన్. కూతురు యామిని పదో తరగతి. మార్చి పరీక్షల దాకా సుభాషిణిని వెళ్లకుండా ఆపాలన్నది ఆమె పట్టు.

ముందు అందరూ చేసేదే చేసింది. ఆఫీసు గది ముందు హుండీ పెట్టింది. అందులో పిల్లలు చింతగింజలు వేశారు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అడిగితే దండాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి, డబ్బు రాలేదు. ఇల్లిల్లూ తిరిగితే రేపు రమ్మన్నారు. రేపు వెళ్తే రేపు రమ్మన్నారు. కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఆఫీసు గదిలో నా బీరువా పక్కనే కుర్చీలో కూలబడింది.

"బడికి ఓణీల ఫంక్షన్ చేద్దాం మాస్టారూ" అంది.

శరభయ్య గారు కళ్లజోడు తీశారు. "బడికి ఓణీలేంటమ్మా?"

"పేరు మీ ఇష్టం. ఊరికే ఇవ్వమంటే ఎవరూ ఇవ్వట్లా. అన్నం పెట్టి, మైకులో పేరు చదువుతామంటే తోసుకుంటా వస్తారు. మా యామినికి ఓణీలేసినప్పుడు చూశాగా."

"చదివింపులంటే తిరిగి చదివించాలి కదమ్మా?"

"బడిని ఎవరు తిరిగి అడుగుతారండీ?"

ఆ మాట విని నేను బీరువాలో ఉలిక్కిపడ్డాను. నాకు తెలుసు ఎవరడుగుతారో. కానీ నన్ను అడిగేదెవరు?

ఫంక్షను ఘనంగా జరిగింది. తల్లులంతా కలిసి పులిహోర, గారెలు, కోడికూర వండారు. బడి గేటుకు మామిడాకులు కట్టారు. నాంచారమ్మ అన్నది నిజమే. హుండీలో పైసా వేయనివాళ్లు నా ముందుకొచ్చి క్యూలో నిలబడ్డారు. పక్కింటివాడు ఎంత చదివించాడో విని, జేబులో చెయ్యి మళ్లీ పెట్టి ఇంకో నోటు కలిపినవాళ్లున్నారు. రైసు మిల్లు పానకాలరావు అందరికంటే ఎక్కువిచ్చి, తన పేరు రెండుసార్లు చదివించుకున్నాడు. మార్చి దాకా సుభాషిణి జీతానికి సరిపోయింది. శరభయ్య గారు ఆ సాయంత్రం నన్ను బీరువాలో పెడుతూ ఒక పాత పాట కూనిరాగం తీశారు. ఆయన గొంతు అంత బాగుంటుందని నాకూ తెలియదు.

మాఘమాసం వచ్చింది. దాంతోపాటు పానకాలరావు వచ్చాడు, చేతిలో నాలుగు మూలలా పసుపు పూసిన శుభలేఖతో.

"మా మనవడి అన్నప్రాసన మాస్టారూ. పిలవడానికొచ్చా."

"తప్పకుండా వస్తానండీ."

"మీరు రండి, రాకపోండి. బడి రావాలి."

శుభలేఖ మీద పేరు చూశారు శరభయ్య గారు. 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వారికి, సకుటుంబ సపరివార సమేతంగా' అని ఉంది.

ఆ వారంలో బల్ల మీద శుభలేఖలు దొంతరగా పేరుకున్నాయి. ఓణీలు, పంచెలు, గృహప్రవేశాలు, ఒక షష్టిపూర్తి. ఒక్కరూ దురాశతో అడగలేదు. అందరూ మర్యాద ప్రకారమే అడిగారు. ఇంకెవరైనా అయితే దండం పెట్టి బయటపడొచ్చు. మర్యాదస్థుల నుంచి బయటపడడం కష్టం. మీరు పిలిస్తే వచ్చి తిన్నాం, మేం పిలిస్తే మీరూ రావాలి, అంతే కదా. అంతకు అంతా, పైన కాస్త వేసి తిరిగి ఇస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. సుభాషిణి ఫిబ్రవరి మొదట్లోనే బస్సెక్కి వెళ్లిపోతుంది.

"ఎవరింటి శుభకార్యానికీ చదివించమని ప్రభుత్వం జీవో ఇవ్వలేదండీ, ఏ పద్దు కింద రాయను?" అన్నారు శరభయ్య గారు, శుభలేఖల పసుపు వేళ్లకు అంటుకుంటుంటే.

నాంచారమ్మ గుమ్మంలో కూర్చుని చాలాసేపు చేతివేళ్లు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. మిగిలిపోయిన అన్నాన్ని రాత్రికి ఏం చేయాలా అని ఆడవాళ్లు చూసే చూపది.

"మైకుసెట్టు అద్దె ఇప్పుడెంతుంది మాస్టారూ?"

అలా నా విశ్రాంతి ముగిసింది. ఎవరింట్లో కార్యమైతే వాళ్లింటికి బడి తరఫున మైకుసెట్టు ఉచితం. అద్దె లెక్కేస్తే వాళ్లిచ్చినదానికి అంతకు అంతా, పైన కాస్త. పానకాలరావు కూడా మనసులో లెక్కేసుకుని తలూపాడు. పొద్దున బడిలో ప్రతిజ్ఞ, మధ్యాహ్నం అన్నప్రాసన, సాయంత్రం ఓణీలు. ప్రతిచోటా నాంచారమ్మ నన్ను గోనెసంచిలోంచి తీసి, "మన హైస్కూలు వారు, ఈ మైకుసెట్టు" అని చదివేది. నన్ను నేనే చదివించుకున్న మైకు లోకంలో ఇంకోటి ఉండదు.

ఆమెకు మాత్రం విశ్రాంతి ఎక్కడిది? ఆటోలో నన్ను ఒళ్లో పెట్టుకుని కునికేది. ఇంట్లో పొయ్యి వెలిగేసరికి పొద్దుపోయేది. "బడికి నిన్ను కూడా చదివించామా ఏంటి?" అనేవాడు మొగుడు. "పైన కాస్త వేశారు, అది నేనే" అనేది ఆమె, బియ్యం కడుగుతూ.

ఇక ధనకోటి. ఊళ్లో మాఘమాసమంతా ఆయన మైకులు షెడ్డులో ఉన్నాయి, ఆయన దానం చేసిన మైకు ఊరంతా తిరుగుతోంది. నా పిడి మీద ఆయన పేరు చూసి అందరూ మెచ్చుకుంటున్నారు, పని మాత్రం చెప్పట్లేదు. నాంచారమ్మ ఎదురైతే తల తిప్పుకునేవాడు.

ఒక గృహప్రవేశంలో గొంతు పోయినా సరదా పోని నాయనమ్మ ఒకావిడ మంగళహారతి పాడతానని నన్ను లాక్కుంది. రెండో చరణంలో చెయ్యి వణికింది. కింద పాయసం గుండిగ ఉంది. అంతే. నాకు తెలిసి తీపిలో మునిగిన చావు మంచిదే, కానీ ఇంకా రెండు శుభలేఖలు మిగిలి ఉన్నాయి. అవి రెండూ పెద్ద చదివింపులవి. "మైకు లేకపోతే డబ్బే చదివించండి, దాందేముంది" అన్నారు వాళ్లు, ఎంతో మర్యాదగా. అంటే సుభాషిణి చివరి రెండు నెలల జీతం.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ నన్ను కొంగులో చుట్టుకుని ధనకోటి కొట్టు మెట్లెక్కింది.

"రా చెల్లెమ్మా" అన్నాడాయన లేవకుండానే. "నేనిచ్చిన మైకుతో నా పొట్టే కొట్టి, ఇప్పుడు దాన్ని బాగుచెయ్యమని తెచ్చావా?"

"తెచ్చా అన్నయ్యా. ఈ ఊళ్లో ఇంకెవరికి వచ్చు?"

"నాకెన్ని బుకింగులు పోయినయ్యో తెలుసా?"

"తెలుసు. అన్నిచోట్లకీ మోసింది నేనేగా. కావాలంటే నా భుజాన్నడుగు."

ధనకోటి మూతి బిగించుకుని నా తల విప్పాడు. లోపలినుంచి చీమలు బయలుదేరాయి. "జీడిపప్పు బానే వేశారే" అన్నాడు. పాయసం పట్టి లోపలి చుట్ట బిగుసుకుపోయింది. వేలితో గీకి చూసి పెదవి విరిచాడు.

"నీ కూతురికి పరీక్షలెప్పుడు?"

"వచ్చే నెల్లో."

"లెక్కలొచ్చినయ్యా?"

"వస్తన్నయ్. ఆ టీచరుంటే ఇంకాస్త వస్తయ్."

ఆయన నా ఖాళీ తలను బల్ల మీద పెట్టాడు. తర్వాత అద్దాల బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు కూడా తీయని కొత్త మైకు ఒకటి తీసి, దాని చుట్ట నాకు బిగించడానికి కడుపు విప్పడం మొదలుపెట్టాడు.

"కొత్తదాన్ని ఎందుకు పాడు చేస్తావు అన్నయ్యా" అంది నాంచారమ్మ.

"మూడో ఎక్కం దగ్గర మా నాన్న నన్ను బడి మానిపించి, సన్నాయి మేళంలో డోలు మోయడానికి పంపాడు. ఇప్పటికీ మూడు దాటితే నాకు భయమే. మైక్ టెస్టింగ్ కూడా అక్కడే ఆపుతా."

నవ్వించడానికే అన్నట్టున్నాడు. ఆమె నవ్వలేదు.

"నెల తిరిగితే మీ ఇంట్లో పంచెల ఫంక్షను కదా. దీన్ని మీ చదివింపు కింద వేసుకుని, బడి తరఫున మేము..."

"వద్దు" అన్నాడు ధనకోటి, తల ఎత్తకుండా. "మా ఇంటికి బడి రానక్కర్లా. ఇది చదివింపు కాదు. పిల్లల్ని పంపు, అన్నం తినిపోతారు. మైకులో మాత్రం చెప్పమాక."

ఆయన ఆ మాట అన్నప్పుడు నా తల బల్ల మీద ఒకచోట, పిడి ఇంకోచోట ఉన్నాయి. నేను మూగదాన్ని. వేములదిబ్బలో ఒకరు ఇంకొకరికి ఇచ్చినది నాలోంచి వెళ్లకపోవడం నాకు తెలిసి అదొక్కటే.

మిగిలిన రెండు ఫంక్షన్లూ చేశాను. సుభాషిణి మార్చి చివరి పరీక్ష దాకా రెండు బస్సులూ మారుతూ వచ్చింది. ఫలితాలు వచ్చాయి, యామిని లెక్కల్లో గట్టెక్కింది. నాంచారమ్మ ఆ మార్కు విని, లోపలికెళ్లి, చేతులకు కొబ్బరినూనె రాసుకుందట. శరభయ్య గారు చెప్పారు.

జూన్‌లో బడి తెరిచారు. ఈసారి కోత కరెంటు బిల్లుకు పడింది. కరెంటు లేకపోతే నేను మళ్లీ టీ జల్లెడనే. నాంచారమ్మ కూతురు ఈ బడిలో లేదు, కమిటీలో ఆమె గడువూ అయిపోయింది. అయినా నిన్న వచ్చి ఆఫీసు గదిలో ఆ కుర్చీలోనే కూలబడింది. బీరువా తలుపు సందులోంచి ఆమె చూపు నా మీద పడింది. నాకు ఓపిక లేదు. ఆమెకూ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ధనకోటి కొట్లో జరిగింది మాత్రం ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు మీకు చెప్పాను. మీరు ఎవరితోనూ అనకండి. ఊరికి తెలిసిందంటే అది కూడా చదివింపే అయిపోతుంది, ఆయనకు ఇష్టం ఉన్నా లేకపోయినా బడికి ఇంకో శుభలేఖ వస్తుంది.