తేట పైన, మడ్డి అడుగున

నేను ఒక డీజిల్ ఇంజన్ని. కారుది. నాలుగు సిలిండర్లు, బండ ఒళ్ళు, మోటు గొంతు. పెట్రోలు ఇంజన్లు గుసగుసలాడతాయి. నాకది చేతకాదు. నేను వీధి మొదట్లో ఉండగానే ఇంట్లోవాళ్ళు కంచం పెట్టేస్తారు.

పుట్టింది పెద్ద కార్ఖానాలో. కరిగిన ఇనుము అచ్చులో పోశారు. చల్లారాక తొలిచారు, నునుపు చేశారు. ఆఖర్న ఒకాయన నా కడుపులోకి నూనె పోశాడు. తేనె రంగు నూనె. తాళం తిప్పాడు. అబ్బ! పిస్టన్లు నాలుగూ గెంతాయి. ఒళ్ళంతా నూనె పరిగెత్తింది. ఇనుముకి ఇనుము రాసుకుంటే నొప్పెడుతుందనుకున్నాను. చక్కిలిగింత పెట్టింది. నవ్వొచ్చింది. నవ్వితే పొగొచ్చింది.

మొదట కాకినాడలో ఒక డాక్టరు కొన్నాడు. కూరలో నూనె తేలితే కంచం జరిపేసే మనిషి. నాకు మాత్రం వేళ తప్పకుండా పాత నూనె తీయించి కొత్తది పోయించేవాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని పిసినారి అన్నారు. నాకాయన ధర్మప్రభువు. కళ్ళు మసకబారాక కారు అమ్మేశాడు.

కొన్నది సామర్లకోట దగ్గర గనిశెట్టి నూకరాజు. ఎద్దుగానుగ ఆయనది. నువ్వుల నూనె బొట్టు వేలికి రాసుకుని వాసన చూస్తే, అవి ఏ ఊరి నువ్వులో చెప్పేస్తాడు. నేను ఉబ్బిపోయాను. నూనె తెలిసినవాడి చేతిలో పడ్డాను, ఇక లోటేముంది! అక్కడే పప్పులో కాలేశాను.

మెకానిక్కు జోజిబాబు బానెట్టు ఎత్తి, నూనె చూసే పుల్ల లాగి, మొహం చిట్లించాడు.

"బాబాయ్‌గారండీ, నూనె కాటుకైపోయిందండి. మార్చేద్దాం."

"ఇయ్యాల శుక్రవారంరా. నూనె పారబోత్తే లచ్చిమి పోద్ది."

"అయితే రేపు రండి."

"రేపు శనివారం. శనివారం నూనె కొనేవోడు ఉంటాడేంట్రా?"

"ఎల్లుండి నేను చర్చికెళ్ళిపోతానండి మరి."

"అదిగో! నాదేం తప్పు లేదు."

ఇద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఏడవాల్సింది.

శుక్రం, శని సాకులే. నూకరాజు అసలు నమ్మకం వేరు. గానుగలో ఆడిన నూనె ఆయన బిందెల్లో పోసి, కదపకుండా ఎండలో పెడతాడు. మడ్డి అడుక్కి దిగుతుంది. పైన తేట నిలుస్తుంది. ఆ తేట వంచుకుని అమ్ముతాడు. తాతల నాటి పని. నా విషయంలోనూ అదే చేశాడు. నూనె నల్లబడితే కారు తీసుకెళ్ళి ఎండలో పెట్టేవాడు. పిల్లలు ఆనుకున్నా ఒప్పుకునేవాడు కాదు.

"ఒరేయ్, కదపకండ్రా. తేరుకుంటంది!"

రెండు రోజులాగి పుల్ల తీసేవాడు. వేలికి రాసుకునేవాడు. "ఇప్పుడు చూడు, ఎంత నయమో" అనేవాడు. తగ్గిందనిపిస్తే పైన కాస్త కొత్తది పోసేవాడు. పాతది తీసింది లేదు.

ఆయన లెక్క తప్పు కాదు. మడ్డి అడుక్కే దిగింది. కానీ అయ్యా, బిందెని పైనుంచి వంచుతారు. నేను అడుగునుంచి తాగుతాను! నా నూనె పంపు నోరు అట్టడుగున ఉంటుంది. ఆయన ఎంత ఓపిగ్గా తేరనిస్తే, నాకు మొదటి గుటక అంత చిక్కటి మడ్డి. మింగలేక దగ్గేవాణ్ణి. ఆయన మురిసిపోయేవాడు. "గొంతు చూడరా, పులి!"

నూకరాజు భార్య మంగాయమ్మకి ఒకటే కోరిక. కార్తీకంలో మారేడుమిల్లి కొండ మీద వనభోజనం చెయ్యాలి. పెళ్ళైన కొత్తలో ఆయన మాటిచ్చాడు. కార్తీకం అంటే దీపాలు, దీపాలంటే నూనె. ఏటా సరిగ్గా అప్పుడే గానుగ వదలడానికి వీలుపడేది కాదు. ఈ ఏడు ఆవిడే ఎద్దుని విప్పి పక్కింట్లో కట్టేసింది. పులిహోర గిన్నె ఒళ్ళో పెట్టుకుని కారెక్కి కూర్చుంది.

"ఏమే, దిగవే. రేపెల్దాం."

"దిగనండి. కొండ మీదే దిగుతాను."

ఆ మాటకి నా ఒళ్ళు పొంగింది. ఏమైనా సరే ఈవిణ్ణి కొండెక్కించాలి అనుకున్నాను. కడుపులో మడ్డి ఉందన్న సంగతే మరిచిపోయాను.

రంపచోడవరం దాటేదాకా గాలిలో తేలాను. ఘాట్ రోడ్డు మొదలైంది. ఎదురుగా ఎక్కుడు, పక్కన లోయ. పంపు గుటక వేసింది. మడ్డి నోటికి అడ్డుపడి ఏమీ రాలేదు. మళ్ళీ వేసింది. రాలేదు.

"ఏవండీ, స్టీరింగు ఎనకాల ఎర్రగా దీపం ఎలిగిందండి."

"ఏదీ?"

"ఇదిగో, ప్రమిద బొమ్మ. కొసన నూనె బొట్టు కూడా ఉందండి."

"కార్తీకమాసం కదే. దణ్ణవెట్టుకో."

ఆవిడ పెట్టుకుంది. ఆయన కూడా స్టీరింగు వదిలి రెండు చేతులూ ఎత్తాడు. మలుపులో! నూనె అందట్లేదురా నాయనా అని చెప్పే దీపానికి దంపతులిద్దరూ మొక్కుతున్నారు. నేను టకటకా కొట్టుకుంటున్నాను.

"డోలు వాయిత్తందేంటండీ ఇది?"

"కొండగాలి తగిలి హుషారొచ్చిందే!"

హుషారే. ఒళ్ళు కాలిపోతోంది, గొంతు ఎండిపోతోంది, అయినా ఇంకొక్క మలుపు, ఇంకొక్క మలుపు అని గెంతుతున్నాను. మూడో పిస్టను గోడకి అతుక్కుపోయింది. మిగతా మూడూ లాగాయి. ధడేల్!

అంతే. ఆగిపోయాను.

నూకరాజు బానెట్టు ఎత్తి చూశాడు. మంగాయమ్మ గిన్నె దించలేదు.

"ఎద్దుకి రోజూ కుడితి మారుత్తారు కదండీ. దీనికేం మార్చారు?"

ఆయన బానెట్టు మూసేశాడు.

అప్పుడే ఖాళీ వెదురు లారీ ఒకటి వస్తోంది. మంగాయమ్మ వెళ్ళి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టాడు.

"సచ్చిపోతావమ్మా! ఏంటిది?"

"పులిహోర బాబూ. తిను. తిని మమ్మల్ని పైకి లాగు."

డ్రైవరు తిన్నాడు. మళ్ళీ పెట్టించుకున్నాడు. మోకు కట్టి లాగాడు. ఎక్కించాల్సినవాణ్ణి నేను, కట్టెలా వేలాడుతూ వాళ్ళతో పాటు ఎక్కాను. కారు మలుపు మలుపుకీ ఊగుతోంది. "హుయ్!" అని కేక. మంగాయమ్మే. ఆ తరవాత నవ్వు, గలగలా. ఆవిడ ఎన్నోసార్లు ఈ కారెక్కింది. ఆ నవ్వు నేనెప్పుడూ వినలేదు. నా మోత ఆగితేనే కదా వినపడేది.

ఉసిరి చెట్టు కింద ఆకులేసుకుని తిన్నారు. లారీ డ్రైవరు కూడా మూడోసారి కూర్చున్నాడు.

తరవాత జోజిబాబు నన్ను విప్పాడు. "బాబాయ్‌గారండీ, ఈ మడ్డి గరిటెతో తియ్యాలండి." నూకరాజు మడ్డి వేలికి రాసుకుని వాసన చూశాడు. ఏ ఊరి నువ్వులో చెప్పలేదు. నన్ను దించేసి, కారులో వేరే ఇంజను పెట్టారు. దానికి నూనె మార్చే వేళ వచ్చింది. నూకరాజు నసిగాడు.

"శనివారమే..."

"అయితే ఏంటండి? శని వచ్చి చెయ్యాల్సిందంతా మీరే చేసేశారు కదా!"

ఆ శనివారమే మంగాయమ్మ దగ్గరుండి మార్పించింది.

పాత ఇనుమువాడు నాకోసం వచ్చాడు. నూకరాజు ఇవ్వనన్నాడు. "నా చేతిలో పోయింది. నా దగ్గరే ఉండనీ." గానుగలో ఎద్దు లాగే దూలం మీద బరువుకి నన్ను ఎక్కించి కట్టాడు. ఇప్పుడు నా పని అదే. ఎద్దు నడుస్తుంది, నేను తిరుగుతాను. కింద నువ్వులు నలుగుతాయి. ఘుమఘుమలాడే కొత్త నూనె రోజూ ధారగా కారుతుంది. నాకొక్క బొట్టు దక్కదు. వాసన చాలు, మత్తెక్కుతుంది.

మీ ఇంట్లో డీజిల్ బండి ఉంటే నూనె మార్పించండి. వారం చూడకండి. తేరుకుంటుందని కూర్చోకండి.

మంగాయమ్మ ఇవాళ మళ్ళీ కారెక్కింది. ఈసారి పులిహోర గిన్నెలో కాదు, పెద్ద డబ్బాలో. "సముద్రం చూపిత్తారా, చూపించరా?" అంటోంది. నూకరాజు పుల్ల తీసి, తుడిచి, మళ్ళీ ముంచి చూస్తున్నాడు. ఆ ఇంజను గొంతు నున్నగా ఉంది. వెళ్ళిరా తమ్ముడూ, జాగ్రత్తగా తీసుకెళ్ళు.

ఎద్దు కదిలింది. హోయ్, తల తిరుగుతోంది!