గుమ్మం చేరని వడ్రంగి

ఆ ఆసుపత్రిలో గుండె డాక్టరమ్మ గది నుంచి వీధి గుమ్మం దాకా ఒక నడవా ఉంది. డాక్టరు చెప్పింది రోగికి అర్థమైతే అది నాలుగడుగుల్లో అయిపోతుంది. అర్థం కాకపోతే సాగుతుంది. అందుకే ఏ డాక్టరు ఎంత విడమరిచి చెబుతున్నారో తేల్చడానికి పైవాళ్లు ఒక కొలతల మనిషిని పెట్టారు. ఆయన్ని అందరూ టేపు మామయ్య అంటారు. రోగుల వెనకాల టేపు పట్టుకుని నడవడమే ఆయన ఉద్యోగం. డాక్టరమ్మ పుణ్యమా అని ఆయన చెప్పులు ఊరికే అరిగిపోతుంటాయి.

"ఈ నెలా మీ నడవాయే పొడుగమ్మా," అన్నాడాయన సాయంత్రం, మోకాళ్లు రుద్దుకుంటూ.

"నేనేం చెయ్యను మామయ్యా? బయట చీమల బారులా జనం. అర్థమైందా అని అడుగుతూనే ఉన్నాను. అందరూ అయిందనే అంటారు."

"అనక చస్తారా? మీ మొహం చూశాక కాలేదని చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది?"

ఆమెకి కోపం రాలేదు. కోపం తెచ్చుకోవడానికైనా ఓపికుండాలి కదా. పొద్దుటి టీ బల్ల మీద మీగడ కట్టి అలాగే ఉంది.

"ఆఖరాయన వెళ్లాడా? వడ్రంగి?"

"ఎక్కడ! ఇంకా నడుస్తూనే ఉన్నాడు. టేపు చాలక నేనే వెనక్కొచ్చేశాను."

ఆమె బ్యాగు తగిలించుకుని బయల్దేరింది. ఇంటికి దారీ అదే. ఎంత నడిచినా అవే గోడలు, అవే బల్లలు. చివరికి ఒక బల్ల మీద కూలబడి కనిపించాడు వడ్రంగి, చేతిలో మందుల పొట్లంతో.

"మీ ఆసుపత్రి చాలా పెద్దదమ్మా," అన్నాడు మర్యాదగా.

అర్థమైందా అని అడగబోయి ఆగింది. అడిగితే మళ్లీ గంగిరెద్దులా తలూపుతాడు. పక్కన కూర్చుంది.

"ఇంటికెళ్లాక మందులెలా వేసుకుంటారో చెప్పండి."

"కొత్తవి పొద్దున. పాతవి ఎప్పట్లాగే రాత్రి. ఒకటికి రెండు మేకులు కొడితే గట్టిగా ఉంటుంది కదా!"

రెండూ రక్తాన్ని పలచన చేసేవే. కలిపి వేసుకుంటే ఉలి గీరుకున్నా నెత్తురాగదు, లోపల కారితే తెలియను కూడా తెలియదు. గదిలో "మందు మార్చాను" అంది తను. పాతవి మానేయమని మాత్రం చెప్పలేదు.

"తప్పు నాదండీ," అని, తాపీగా మొదట్నుంచి చెప్పింది. "ఇప్పుడు మీ ఆవిడ అడిగితే ఏం చెబుతారు?"

"పాతవి ముట్టుకోకూడదు. రెండూ కలిస్తే నెత్తురాగదు. చిగుళ్లలో నెత్తురు కనబడితే పరిగెత్తుకు రావాలి."

ఆ మాట అవుతూనే గుమ్మం ఎదురుగా ఉంది. మెట్ల మీద ఆయన భార్య.

"ఏమయ్యా, లోపలే కాపురం పెట్టేశావా?"

వడ్రంగి జేబులోంచి పాత మాత్రల డబ్బా తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టి, నవ్వుకుంటూ మెట్లు దిగాడు.

ఆమె దిగలేకపోయింది. ఈయన అలిసిపోయి కూర్చున్నాడు కాబట్టి బతికాడు. కాళ్లలో సత్తువుండి, నడవా ఎంత సాగినా నడిచి ఇల్లు చేరిపోయినవాళ్ల మాటేమిటి? ఆమెకి ఏడుపొచ్చింది. వెనక్కి తిరిగి తన గదికొచ్చింది. టేపు మామయ్య ఇంకా అక్కడే ఉన్నాడు.

"మామయ్యా, నా గదిలోంచి బయటికెళ్లి బాగా దూరం నడిచినవాళ్లు మీకు గుర్తున్నారా?"

"అందరూ గుర్తున్నారమ్మా. నడిచింది వాళ్ల వెనకాలే కదా."

ఆమె బ్యాగు దించి ఫోను దగ్గరికి లాక్కుంది. "ఒక్కొక్కరి పేరూ చెప్పండి."